దోస్తులతో కలిసి ఏడాది పొడుగునా ఆరు ఛాలెంజులు: హైదరాబాద్ లో ఎట్ల మొదలుపెట్టాలె, ఎట్ల ఆగకుండ పోవాలె

నలుగురైదుగురు దోస్తులు కూసొని ఈసారి ఏదన్న గట్టిది చేద్దాం రా అనుకునుడు చాలా ఈజీ, వాట్సాప్ గ్రూపు పెట్టుడు ఇంకా ఈజీ, కానీ రెండో నెలకొచ్చేసరికి ఆ గ్రూపుల పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేం కనపడవు. బద్ధకం వల్ల అట్ల అయితదని చాలామంది అంటరు, నేనైతే ఒప్పుకోను. గ్యాంగ్ ల అందరికన్నా ఫిట్ గా ఉన్నోడే మొదటి ఛాలెంజ్ డిసైడ్ చేస్తడు, వానికి సరిపోయే దూరం పెడ్తడు, మిగిలినోళ్లు సగం దూరంలనే కూలబడ్తరు, ఆ తర్వాత ఆదివారం పొద్దుగాల ఫోన్ చేస్తే ఎత్తరు. నేను చూసినంత వరకు గ్రూపులు ఇట్లనే ఆగిపోతయి. అందుకే ఈ గైడ్ మొత్తం ఒక్క రూల్ మీద నడుస్తది: గ్యాంగ్ ల అందరికన్నా మెల్లగ నడిచేటోళ్లు ఎవరో, వాళ్ల స్పీడే గ్యాంగ్ స్పీడ్. దూరం, టైం, రూటు, టిఫిన్ బ్రేక్ అన్నీ ఆ మనిషిని బట్టే ఫిక్స్ చేయాలె.

ముందు మనుషుల సంగతి

నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే బెస్ట్. నలుగురు ఎందుకంటే గుట్ట మీదనో అడివిలనో ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన కూసోవాలె, ఇద్దరు కలిసి సాయం కోసం పోవాలె, అంతకన్నా తక్కువ ఉంటే ఎవరో ఒకరు ఒంటరిగ మిగుల్తరు. ఎనిమిది మంది దాటితే ఎంత చెప్పినా దారిల రెండు గ్రూపులు అయిపోతయి, ముందోళ్లు చాయ్ తాగేసి లేస్తుంటే వెనకోళ్లు అప్పుడే వస్తుంటరు, వాళ్లకి రెస్టే దొరకదు.

పనులు పంచుకోవాలె. ఒకరు రూటు చూసుకోవాలె, ఒకరు తిండి నీళ్లు, ఒకరు పైసల లెక్క, ఇంకొకరు వెనక మనిషి. ఈ వెనక మనిషి పని అన్నిటికన్నా పెద్దది, నా లెక్కల గ్యాంగ్ ల బాగా ఓపిక, స్టామినా ఉన్నోళ్లకే ఇది ఇయ్యాలె. ఎప్పుడూ చివరనే ఉండాలె, ఫస్ట్ ఎయిడ్ కిట్, పంక్చర్ సామాను ఆ మనిషి దగ్గరనే ఉండాలె, తన వెనక గ్యాంగ్ మనిషి ఎవ్వరూ ఉండొద్దు. ఫిట్ గా ఉన్నోడు ముందు ఉరుకుడు కాదు, వెనక నడవాలె. ఈ ఒక్కటి మారిస్తే సగం గొడవలు తగ్గిపోతయి.

ఇంకో రూల్ మొదటి రోజే అందరితో ఒప్పించుకోండి. ఎవరైనా ఎప్పుడైనా నేను ఆపేస్తున్న అంటే ఎందుకు, ఏమైంది, ఇంకొంచెమే కదా అని ఎవ్వరూ అనొద్దు. ఆ మనిషితో ఒకరు వెనక్కి పోవాలె, ఆ ఒకరు ఎవరన్నది కూడా పొద్దున్నే అనుకోవాలె. మన దోస్తుల్లో మొహమాటం ఎక్కువ, ఛాతీల నొప్పి వస్తున్నా గ్యాస్ అయి ఉంటది లే అని నడుస్తనే ఉంటరు, నవ్వుతరేమో అని చెప్పరు. చెప్పినోళ్లని ఎవ్వరూ నవ్వొద్దు, ఇది సీరియస్ గా తీసుకోండి.

నలభై దాటినోళ్లు, బీపీ షుగర్ ఉన్నోళ్లు, ఇంట్ల తండ్రికో అన్నకో చిన్న వయసులనే గుండె జబ్బు వచ్చినోళ్లు డాక్టర్ కి చూపించుకున్నంకనే మొదలుపెట్టాలె. ఏళ్ల తరబడి కుర్చీల కూసొని పని చేసినోళ్లు నలభై రాకున్నా చూపించుకుంటే మంచిది.

డేట్లు పెట్టేటప్పుడు పంచాంగం ముందల పెట్టుకోండి, నిజంగనే చెప్తున్న. మాఘం, శ్రావణం అంటే వరసగా పెళ్లిళ్లు, ఆదివారాలన్నీ అండ్లనే పోతయి. నైట్ షిఫ్ట్ చేసేటోళ్లు ఉంటే వాళ్ల షిఫ్ట్ మారిన వారం పెట్టొద్దు, నిద్ర లేకుండ వచ్చిన మనిషి ఎండకి తొందరగ పడిపోతడు. ఏడాదికి ఆరు డేట్లు ఒకేసారి కూసొని ఫిక్స్ చేసుకొని ఇంట్ల వాళ్లకి కూడా అప్పుడే చెప్పేయండి.

ఎవరు మెల్లగ, ఎట్ల తెలుసుకోవాలె

కేబీఆర్ పార్క్ బయట వాక్ వే ఒక రౌండ్ దాదాపు 6 కిలోమీటర్లు ఉంటది, ఎక్కుడు దిగుడు కూడా ఉంటది కాబట్టి టెస్ట్ కి మంచి జాగా. అందరూ ఎవరి స్పీడుల వాళ్లు ఒక రౌండ్ కొట్టండి, కానీ ఒక్కటే కండిషన్, పక్కన ఉన్నోళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేటంత స్పీడే ఉండాలె, రెండు మాటలకే రొప్పొస్తే స్పీడ్ తగ్గించాలె. ఎవరికి ఎంత టైం పట్టిందో రాసుకోండి. అందరికన్నా ఎక్కువ టైం పట్టినోళ్ల నంబరే ఇగ ఆ సీజన్ మొత్తానికి మీ లెక్క. ప్రతి ఛాలెంజ్ టైం దాని మీదనే వేసి, పైన ఇంకో పావు వంతు కలుపుకోండి, ఎందుకంటే ఫోటోలు, చాయ్, బూట్ల లేసులు అన్నీ ఉంటయి కదా.

ట్రైనింగ్ గురించి పెద్దగ చెప్ప. వారానికి మూడు నాలుగు రోజులు, ఒక రోజు మాత్రం లాంగ్, దూరం మెల్లమెల్లగ పెంచుకుంట పోవాలె, వారానికి పదో వంతు కన్నా ఎక్కువ పెంచొద్దని చాలామంది రన్నర్లు పాటిస్తరు, అదే పాటించండి. గుంజీలు, మడమలు ఎత్తి దించుడు, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగ నిలుపుడు), ఈ మూడు ఇంట్లనే చేసుకోవచ్చు. మోకాలు ఒక్క పక్కనే పొడిచినట్టు నొస్తే ఆ వారం ఆపేయండి.

మన ఊరి క్యాలెండర్

హైదరాబాద్ ల అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా బంగారం లాంటి టైం, బయట దూరాలు ఎక్కువగ అప్పుడే చేసేయాలె. ఏప్రిల్ మే నెలల 40 డిగ్రీలు దాటుతది, అప్పుడు పొద్దున ఏడింటికే ఎండ గుచ్చుతది. జూన్ నుంచి వానలు, రాయి జారుతది, రోడ్ల మీద గుంతలు కనపడవు. అందుకే ఎండలు పడంగనే ఈతకి పోవాలె, వానల్లో మెట్లెక్కుడు, మళ్ల ఆగస్టుల ఉరుకుడు. కింద వరస అట్లనే ఉంటది.

అక్టోబర్: చార్మినార్ నుంచి గోల్కొండ నడక

మొదటి ఛాలెంజ్ కి ఎక్కడికో దూరం పోవద్దు, మన ఊర్లనే 400 ఏళ్ల నాటి దారి ఉంది. గోల్కొండ నుంచి అప్పటి కొత్త నగరం హైదరాబాద్ కి రాకపోకలు కార్వాన్ మీదుగ పురానా పూల్ దాటి నడిచేవి. పురానా పూల్ 1578ల కట్టింది, అంటే 1591ల కట్టిన చార్మినార్ కన్నా పాతది. ఆ దారినే ఉల్టా నడవాలె. పొద్దున ఆరింటికి చార్మినార్ దగ్గర మొదలుపెట్టి, పురానా పూల్ దాటి, కార్వాన్ ల 1671 నాటి టోలీ మసీదు చూసుకొని, గోల్కొండ దర్వాజా దాకా. మీరు పట్టే గల్లీలని బట్టి దాదాపు 10 కిలోమీటర్లు అయితది. పొద్దుగాల కాబట్టి ట్రాఫిక్ తక్కువ, అయినా పాత బస్తీ ఫుట్ పాత్ లు నమ్ముకోవద్దు, ఎదురుగ వచ్చే బండ్లు కనపడేటట్టు రోడ్డుకి కుడి పక్కన ఒకరి వెనక ఒకరు నడవాలె.

కోట లోపలికి పోయినంక బాలా హిస్సార్ దాకా దాదాపు 360 మెట్లు. పది కిలోమీటర్లు నడిచిన కాళ్లకి ఈ మెట్లు అసలు పరీక్ష, ఇక్కడనే మీకు గ్యాంగ్ గురించి తెలుస్తది, ఎవరు ఆగి వెనక్కి చూస్తరు, ఎవరు చూడరు అని. మెట్ల దగ్గర మెల్లగ ఉన్నోళ్లనే ముందు పెట్టండి, మిగిలినోళ్లు వాళ్ల వెనకనే ఎక్కాలె. ముందున్న మనిషికి తనకోసం ఎవరో ఆగిండ్రన్న బాధ ఉండదు, తన స్పీడుల తను ఎక్కుతడు, మీరు నమ్మరు కానీ ముందు పెట్టిన రోజు అదే మనిషి ఇంకా ఫాస్ట్ గా ఎక్కుతడు. నాకైతే ఈ మొత్తం సిరీస్ ల ఇష్టమైన ముచ్చట ఇదే.

పొద్దున టిఫిన్ లైట్ గా, రెండు ఇడ్లీలో ఒక అరటిపండో చాలు. నహారీ, బిర్యానీ అంతా దిగినంకనే.

నవంబర్: సైకిల్

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న ఓపెన్ అయింది, అప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, నానక్ రామ్ గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. పైన సోలార్ ప్యానెళ్లు కాబట్టి నీడ ఉంటది, లారీల భయం లేదు, కొత్తగ సైకిల్ పట్టినోళ్లకి దీనికన్నా మంచి జాగా మన దగ్గర లేదు. రెండు ముక్కలు పోయి వస్తే 46 కిలోమీటర్లు, అదే మీ నవంబర్ ఛాలెంజ్. ఇంకా ఊపు మీద ఉంటే డిసెంబర్ ల ఏదో ఒక ఆదివారం రెండు రౌండ్లు కొట్టండి, 92 అయితది. మెయిన్ ఔటర్ మీదికి మాత్రం ఎక్కొద్దు, అక్కడ టూ వీలర్లకే పర్మిషన్ లేదు, సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు.

గ్యాంగ్ సైకిల్ కి ఒక పద్ధతి ఉంది. ముందున్నోడు గాలిని కోసుకుంట పోతడు, వెనకున్నోళ్లకి అంత కష్టం ఉండదు. కాబట్టి బలం ఉన్నోళ్లు ముందు వంతులు ఎక్కువ తీసుకోవాలె, మెల్లగ ఉన్నోళ్లు రెండో మూడో జాగాల ఉండాలె, చివర కాదు. చివర ఉంటే ముందు గ్యాప్ పడ్డప్పుడు ఒక్కసారే గట్టిగ తొక్కి అందుకోవాలె, వాళ్లు అక్కడనే అలిసిపోతరు. ముందున్నోళ్లు గుంత కనపడితే చేత్తో చూపించాలె, బ్రేక్ కొట్టే ముందు అరవాలె. హెల్మెట్ లేనోళ్లు ఆ రోజు తొక్కొద్దు, ఎంత దగ్గరి దోస్తు అయినా సరే.

సీట్ హైట్ గురించి ఒక్క మాట, పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగాలె, చాలామంది సీటు బాగా కిందికి పెట్టి తొక్కుతరు, మోకాళ్ల నొప్పులకి అది కూడా ఒక కారణం.

దీంట్ల రుచి దొరికినోళ్లకి జనవరిల బ్రెవే అనే లాంగ్ సైకిల్ రైడ్ ఉంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పద్ధతి ఇది, రేస్ కాదు, ఫస్ట్ సెకండ్ ఉండవు, టైం లోపల పూర్తి చేస్తే చాలు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, అంటే ఆగినవన్నీ కలుపుకొని గంటకి 15 కిలోమీటర్లు. ఆ తర్వాత 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40, నాలుగూ ఒకే సీజన్ ల పూర్తి చేసినోళ్లని సూపర్ రాండొనర్ అంటరు. మన హైదరాబాద్ ల కూడా పెడ్తుంటరు. ముందు లైట్, వెనక లైట్, రిఫ్లెక్టివ్ జాకెట్, హెల్మెట్ కంపల్సరీ, పంక్చర్ అయితే మనమే వేసుకోవాలె, వెనక కారు రావొద్దు. ర్యాంకులు లేవు కాబట్టి దోస్తులు కలిసి తొక్కనీకి ఇంతకన్నా మంచిది నాకైతే తెల్వదు. కానీ ఇది గ్యాంగ్ అందరికీ కాదు, 92 కిలోమీటర్లు హాయిగ తొక్కినోళ్లే పోవాలె, మిగిలినోళ్లు కంట్రోల్ పాయింట్ (దారిల చెకింగ్ జాగా) దగ్గర అరటిపండ్లు పట్టుకొని నిలబడ్తే అది కూడా ఛాలెంజ్ ల పాలు పంచుకున్నట్టే.

డిసెంబర్: భువనగిరి గుట్ట

హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల దూరంల మొత్తం ఒకటే రాయి, దాని మీద కోట. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిండు, త్రిభువనగిరి కాస్త భువనగిరి అయింది. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ ఈ రాయి మీదనే ట్రైనింగ్ మొదలుపెట్టింది, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసుల ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం పిల్లగాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోనే ఎక్కిండు. అక్కడ నిలబడ్డప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, ఒళ్లు పులకరిస్తది.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైన్ మీద భువనగిరి స్టేషన్ ఉంది, పొద్దున ట్రైన్ కి పోవచ్చు, గుట్ట ఊరి నడుమనే ఉంటది. మెట్ల దారి పట్టుకొని ఎక్కుడు పెద్ద కష్టం కాదు, కానీ పైన కొన్ని జాగాలల్లో రాయి నున్నగ ఉంటది, రెయిలింగ్ దాటి పోవొద్దు. దీన్ని ఛాలెంజ్ గా చేయాలంటే మూడు సార్లు ఎక్కి దిగండి, ప్రతి సారి కింద పది నిమిషాల రెస్ట్. దిగుడు దగ్గర జాగ్రత్త, దిగేటప్పుడు తొడ కండ సాగుకుంట బరువు మోస్తది, దానివల్లనే మరుసటి రోజు, ఆ పై రోజు మెట్లు దిగుతుంటే ప్రాణం పోయినట్టు అయితది. చిన్న అడుగులు వేసి, మోకాలు కొంచెం వంచి దిగాలె, ఉరుకుకుంట దిగొద్దు. తాడు కట్టుకొని రాయి ఎక్కాలని ఉంటే అక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది, ట్రైనర్లతోనే చేయాలె, యూట్యూబ్ చూసి తాడు కట్టుకునే పని పెట్టుకోవద్దు.

నీళ్లు, తిండి, ఇది జర ఓపికగ చదవండి

నేను అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలనుకున్నది ఇక్కడనే. గంటన్నర దాటిన ఏ పనికైనా ఒట్టి నీళ్లు సరిపోవు. చెమటల ఉప్పు పోతది, మనం బాటిళ్లకు బాటిళ్లు ఒట్టి నీళ్లు తాగుకుంట పోతే రక్తంల సోడియం పడిపోతది, తలనొప్పి, వాంతులు, మాట తడబడుడు మొదలైతది. చూసినోళ్లు నీళ్లు తక్కువయినయి అనుకొని ఇంకా తాగిస్తరు, అప్పుడు ఇంకా ప్రమాదం. ఇది తెలుసుకోనీకి ఒక సులువు ఉంది, ఛాలెంజ్ ముందు, తర్వాత బరువు చూసుకోండి, తర్వాత బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్టే. దాహం అయినప్పుడు తాగండి, ఎవరో చెప్పిండ్రని గంటకి ఇంత అని బలవంతంగ తాగొద్దు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసిందో అన్నే కలపాలె, పెద్ద ప్యాకెట్ అయితే లీటర్, తక్కువ నీళ్లల్ల కలిపితే అది మేలు బదులు నష్టం చేస్తది. ఇంకో సంగతి, టెట్రా ప్యాక్ ల తియ్యగ ఉండే డ్రింకులన్నీ ఓఆర్ఎస్ కాదు. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయొద్దని 2025 అక్టోబర్ ల తిండి పదార్థాల క్వాలిటీ చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్డర్ ఇచ్చింది, దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ల పోరాటం ఉంది. మెడికల్ షాపుల ప్యాకెట్ వెనక డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి. మజ్జిగల ఉప్పు వేసుకొని తీసుకపోతే కూడా మంచిదే, కానీ ఎండల ఎక్కువసేపు ఉంటే పులుస్తది.

తిండి గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ (పిండి, చక్కెర పదార్థాలు) పడాలె. ఒక మీడియం అరటిపండుల దాదాపు 25 గ్రాములు ఉంటయి, దాన్నిబట్టి లెక్కేసుకోండి. ఖర్జూరాలు, బెల్లం, పల్లీ పట్టీలు, ఉడకబెట్టిన ఆలుగడ్డ మీద ఉప్పు, ఇవన్నీ జెల్ ప్యాకెట్ల కన్నా చవక, మన కడుపులకి అలవాటైనవి. కొత్తది ఏదీ ఛాలెంజ్ రోజు మొదటిసారి తినొద్దు. గ్యాంగ్ ల తిండి చూసుకునే మనిషి ప్రతి అరగంటకి అందరికీ గుర్తు చేయాలె, ఆకలైనంక తింటే లేట్ అయినట్టే.

ప్రమాదం సంకేతాలు అందరికీ నోటికి రావాలె. మనిషి పొంతన లేకుండ మాట్లాడుతున్నడు, తూలుతున్నడు, ఒళ్లు కాలుతున్నది అంటే అది వడదెబ్బ, నీడకి తీసుకపోయి బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలె, అదే టైంల ఒకరు 108కి ఫోన్ కొట్టాలె, చల్లబడినంక ఆస్పత్రికి పోదాం లే అని ఆగొద్దు. స్పృహ సరిగ లేని మనిషి నోట్ల నీళ్లు పోయొద్దు. మూత్రం కోలా రంగుల వస్తే కండ కరిగి కిడ్నీల మీద పడ్తున్నట్టు, అదే రోజు ఆస్పత్రికి పోవాలె. ఛాతీల బరువు, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి వస్తే ఇంక మాటలేం లేవు, 108.

చైత్రం: సలేశ్వరం

నల్లమలల, నాగర్ కర్నూల్ జిల్లా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల సలేశ్వరం లింగమయ్య ఉంటడు. చెంచుల దేవుడు. ఏడాదికి ఒక్కసారి చైత్ర పౌర్ణమి అటూ ఇటూ కొద్ది రోజులే ఫారెస్ట్ వాళ్లు లోపలికి ఇడుస్తరు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటినంక అడివిలకి పోవాలె, బండ్లు ఆగిన కాడి నుంచి రాళ్ల దారిల నడక, లోయలకి దిగుడు, లోపల జలపాతం, గుండం. వస్తున్నం లింగమయ్యా అని అరుచుకుంట దిగుతరు, ఎక్కేటప్పుడు పోతున్నం లింగమయ్యా అంటరు. ముసలోళ్లు, చంకల పిల్లలతోని ఆడోళ్లు ఉట్టి కాళ్లతో నడుస్తుంటరు, స్పోర్ట్స్ వాచీలు పెట్టుకున్న మనం వాళ్ల వెనక నడుస్తం. ఓర్పు అంటే ఏందో చూడాలంటే అక్కడికే పోవాలె.

ఇది దైవదర్శనం, ట్రెక్కింగ్ స్పాట్ కాదు, ఆ మర్యాదతోనే పోవాలె. స్పీకర్లు, డ్రోన్లు వద్దు. ప్లాస్టిక్ తీసుకపోవద్దు, స్టీల్ బాటిల్ పట్టుకోండి. పగటి పూటనే నడక ఉండాలె, ఎండ ముదరకముందే దిగి రావాలె కాబట్టి ముందు రోజు రాత్రి అచ్చంపేట దగ్గర్లో ఉండి తెల్లారంగనే బయలుదేరండి. జనం విపరీతం, ఇరుకు దారిల తోపులాట కాకుండ ఒక పక్కకి ఒదిగి నడవాలె. ఫోన్ సిగ్నల్ ఉంటదని అనుకోవద్దు, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో, ఎన్ని గంటలకి కలుసుకోవాలో ముందే మాట్లాడుకోండి. ఆ సంవత్సరం డేట్లు, టైమింగ్స్ ఫారెస్ట్ వాళ్లు చెప్పినంకనే ప్లాన్ ఫైనల్ చేయాలె.

వచ్చేటప్పుడు నడిచినోళ్లు ఎవ్వరూ బండి నడపొద్దు. డ్రైవర్ ని మాట్లాడుకోండి, పైసలు అందరూ పంచుకుంటే ఒక్కొక్కరికి పెద్దగ పడదు. అలిసిన కాళ్లు, కడుపు నిండ అన్నం, రాత్రి పూట శ్రీశైలం రోడ్డు, ఈ మూడు కలవొద్దు.

ఎండాకాలం మే నెల అంతా స్విమ్మింగ్ పూల్. ఈత రానోళ్లు కోచ్ దగ్గర నేర్చుకోనీకి ఇదే టైం, వచ్చినోళ్లు ఆగకుండ 750 మీటర్లు కొట్టుడు టార్గెట్ పెట్టుకోండి, అది స్ప్రింట్ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, ఉరుకుడు కలిసిన పోటీ) ల ఈత దూరం. గండిపేట, హిమాయత్ సాగర్, క్వారీ గుంతలు, వీటిల్లకి దిగుదాం అని ఎవరన్నా అంటే గట్టిగ వద్దని చెప్పండి. ప్రతి ఎండాకాలం మన పిల్లలు క్వారీల్ల మునిగిపోయిన వార్తలు చదువుతనే ఉన్నం.

జులై: అపార్ట్ మెంట్ మెట్ల మీద ఎవరెస్ట్

వానల్లో బయట ఏం చేయలేం, కాబట్టి మెట్లు. ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లు. ఒక్క ఫ్లోర్ 3 మీటర్లు అనుకుంటే పది ఫ్లోర్ల బిల్డింగ్ ఒకసారి ఎక్కితే 30 మీటర్లు. అంటే 295 సార్లు ఎక్కితే ఎవరెస్ట్ అయిపోయినట్టే. ఆరుగురు ఉంటే తలా 49, ఎవరో ఒకరు ఒక్కటి ఎక్కువ. ఇద్దరిద్దరు జంటగ ఎక్కాలె, జంట ఒకసారి ఎక్కితే రెండు లెక్క, ఒక జంట ఎక్కుతుంటే మిగిలిన రెండు జంటలు రెస్ట్, కిందికి మాత్రం లిఫ్ట్ లనే రావాలె, మోకాళ్ల కోసం. ఒక్కోసారికి నాలుగైదు నిమిషాలు అనుకుంటే మొత్తం 10 నుంచి 12 గంటలు పడ్తది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే చీకటి పడేసరికి శిఖరం.

ఇది చదవనీకి సరదాగ ఉంటది కానీ తలా 1,470 మీటర్ల ఎత్తు, చిన్న పని కాదు, జూన్ ల వారానికి రెండు రోజులు మెట్లు ఎక్కి అలవాటు చేసుకున్నోళ్లే ఈ పని పెట్టుకోవాలె. మెల్లగ ఉన్నోళ్లకి 30, బలం ఉన్నోళ్లకి 60 అట్ల కూడా పంచుకోవచ్చు, అందరి లెక్క కలిసి 295 అయితే చాలు. గోడకి ఒక చార్ట్ అంటించి ప్రతి ఎక్కుడుకి ఒక గీత కొట్టండి, బేస్ క్యాంప్ ఎత్తు, శిఖరం ఎత్తు గుర్తులు పెట్టండి, సాయంత్రానికి ఆ బిల్డింగ్ పిల్లలందరూ మీతో ఎక్కుతుంటరు చూడండి, వాళ్ల తల్లులు పైనుంచి నిమ్మకాయ నీళ్లు పంపిస్తరు. అసోసియేషన్ పర్మిషన్ ముందే తీసుకోండి, ఫైర్ డోర్లు మూయొద్దు, లిఫ్ట్ మొత్తం మీరే పట్టుకోవద్దు, పెద్దోళ్లు వస్తే వాళ్లకి ముందు ఇయ్యాలె.

ఆగస్టు: హాఫ్ మారథాన్

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివరల ఉంటది. హాఫ్, ఫుల్ రెండూ నెక్లెస్ రోడ్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియం దగ్గర అయిపోతయి. నడుమ ఫ్లైఓవర్లు ఎక్కుడు దిగుడు ఉంటనే ఉంటది, పైనుంచి ఉక్కపోత, టైం కొట్టాలని వచ్చేటోళ్లకి ఇది కష్టమైన రూటు. మీకు జులై మెట్లు ఇక్కడనే పనికొస్తయి. గ్యాంగ్ కి 21.1 కిలోమీటర్ల హాఫ్ చాలు, దానికి రెడీ కానోళ్లు 10 కిలోమీటర్లు పెట్టుకోవాలె. రిజిస్ట్రేషన్ నెలల ముందే చేసుకోండి, కటాఫ్ టైం కూడా అప్పుడే చూసుకొని మీ అందరికన్నా మెల్లగ ఉన్నోళ్ల టైంతో పోల్చుకోండి.

కలిసి ఉరకాలంటే మొదటి కిలోమీటరు నుంచే నాలుగు నిమిషాలు ఉరుకుడు, ఒక నిమిషం నడుచుడు. అలిసినంక నడుద్దాం అనుకోవద్దు, మొదటి నుంచే. కిలోమీటరుకి 8 నిమిషాలు పడితే 2 గంటల 49 నిమిషాలకి ఫినిష్ అయితరు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అందరూ నడవాలె, దిగేటప్పుడు చిన్న అడుగులతో ఉరకాలె. స్టార్టింగ్ ల జనం ఊపు చూసి ఎవరో ఒకరు ముందుకు దూసుకపోతరు, ఆ ఒకరిని ముందు రోజు రాత్రే గుర్తుపట్టి వెనక మనిషి పని ఆయనకే ఇయ్యండి. తొడలు, చంకలు రాసుకునే కాడ వాజిలిన్ దండిగ పూసుకోండి, కొత్త సాక్సులు కొత్త బూట్లు ఆ రోజు వద్దు.

స్టార్ట్ ఒక కాడ, ఫినిష్ ఇంకో కాడ కాబట్టి బండ్ల సంగతి ముందే చూసుకోవాలె. ముందు రోజు సాయంత్రమే ఒక కారు గచ్చిబౌలి దిక్కు ఎవరన్నా తెలిసినోళ్ల ఇంటి దగ్గర పెట్టేసి రండి, అండ్ల పొడి బట్టలు, చెప్పులు, నీళ్ల క్యాన్, ఉప్పు వేసిన మజ్జిగ ప్యాకెట్లు పెట్టండి. పొద్దున క్యాబ్ ల పీపుల్స్ ప్లాజాకి పోవాలె, రోడ్లు మూసేస్తరు కాబట్టి స్టార్ట్ కి గంట ముందే అక్కడ ఉండేటట్టు. కారు తాళం చెవి మాత్రం ఉరికేటోళ్ల జేబుల పెట్టొద్దు, ఇంటోళ్లల్ల ఎవరో ఒకరికి ఇచ్చి ఫినిష్ దగ్గరికి రమ్మనండి, డ్రైవింగ్ కూడా వాళ్లే చేయాలె.